ముప్ఫై ఎనిమిది గుమ్మాలు

2016 మార్చి, శుక్రవారం, సాయంత్రం నాలుగు. మౌంట్ ఆల్బర్ట్‌లో అంజని ఆంటీ వంటింటి బల్ల. ఎవరొచ్చినా కంచం పెట్టందే పంపని మనిషి ఆవిడ. ఆ సంగతి బాగా తెలిసినవాడు కాబట్టే శ్రీవత్స మధ్యాహ్నం తినకుండా వచ్చాడు, సంచిలో ఒక కాగితం పెట్టుకుని.

"ఇంకొంచెం పులుసు వెయ్యనా?"

"చాలు ఆంటీ, నిజంగా చాలు. ఐదింటికల్లా ఆఫీసులో ఉండాలి."

"ఐదింటికి అందరూ ఆఫీసునుంచి ఇంటికి పోతారు. నువ్వేంటి బాబూ, ఆఫీసుకి పోతానంటావు?"

"అదే, ఓ చిన్న పనుంది. మీ దగ్గరే. ఒక్క సంతకం."

"తిన్నాక మాట్లాడు."

"తింటూనే చెప్తా. పోయినేడు మీరు నాకోసం ఫోన్లు చేశారు కదా, ఫిజీకి. మీ ఊరికి."

"ఊఁ."

"ముప్ఫై ఎనిమిది ఇళ్ళు. ఇంటికో ఫారం. మీరు చేసిన సాయానికి థాంక్స్ చెప్తూ ఒక కాగితం తెచ్చాను. కింద మీ సంతకం కావాలి, అంతే."

"థాంక్స్ చెప్పేది నువ్వైతే సంతకం నాదెందుకు?"

"ఫార్మాలిటీ ఆంటీ. ఈ దేశంలో తుమ్మినా కాగితమే కదా."

"ముల్లు చూసుకో. ఆ చేప ముక్కలో ఎక్కువుంటాయి. మీ బాస్ పంపిందా?"

"ప్రణీత గారా? లేదు, ఆవిడకి అసలు... ఆ, ఆవిడే. మీకు నమస్తే చెప్పమన్నారు."

"నన్నెప్పుడూ చూడలేదుగా."

"నేను చెప్తుంటాను మీ గురించి. రిపోర్టు మొదటి పేజీలో మీరు రాసుకొచ్చిన మాటే వేశాం, పెద్దక్షరాల్లో. 'కన్నతల్లికి ధర కడతారా ఎవరైనా? మాకేం వద్దు.' మీ ఊరివాళ్ళన్నది. గుర్తుందా?"

"గుర్తుంది."

"మీటింగులో నేనే చదివాను. ఒక కివీ ఆవిడ కళ్ళు తుడుచుకుంది."

"ఏడ్చిందా?"

"నిజంగానే ఏడ్చింది ఆంటీ."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఏముంది. టీ తాగాం."

"అది కాదు. మడ సంగతి అడుగుతున్నా. మా ఊరి మడ అడవిని ఏం చేస్తున్నారు?"

"అది ప్రాసెస్‌లో ఉంది. మా పని లెక్క రాసివ్వడం వరకే. ఒక దేశంలో అడవి, మడ, పగడపు దిబ్బలు ఎంతున్నాయి, ఎలా ఉన్నాయి, మనుషులకి ఎంత ఉపయోగపడుతున్నాయి అని పుస్తకం తయారుచేసి గవర్నమెంటుకిస్తాం. చిన్న దీవుల దేశాలకి ఉన్న ఆస్తి అదేగా. తర్వాత ఏం చేసుకుంటారో వాళ్ళిష్టం."

"నువ్వు వెళ్ళి చూశావా మా మడని?"

"ఎక్కడ. టికెట్ల బడ్జెట్ కోసేశారు. అందుకేగా మిమ్మల్ని పట్టుకున్నా. గుళ్ళో మీరు ఆ ఊరి పేరు చెప్పగానే నాకు ఎదురుగా దేవుడే కనిపించాడు."

"దేవుడు గుళ్ళో కనిపించక ఎక్కడ కనిపిస్తాడు. అయితే చూడకుండానే లెక్క రాశావు."

"శాటిలైట్ ఫోటోలుంటాయి ఆంటీ. మాది కాకినాడ. మడంటే నాకు తెలీదా? కోరంగిలో పీతలు పట్టి పెరిగినవాణ్ణి."

"శాటిలైట్‌లో పీతలు కనిపిస్తాయా?"

"అంటే, వాటికి వేరే... ఫోను ఆంటీ, ఒక్క నిమిషం. హలో, యెస్ ప్రణీత గారూ. యా, యామ్ ఎట్ హర్ ప్లేస్. నో నో, షి వోంట్ రీడ్ ఇట్. ఓల్డ్ లేడీ, విలేజ్ టైప్. షి విల్ జస్ట్ సైన్. షూర్. బిఫోర్ ఫైవ్. బై. ... సారీ ఆంటీ, ఆఫీసు."

"ఏమంటుంది?"

"ఊరికే. ఎక్కడున్నావని. ఇదిగో కాగితం. ఇక్కడ, ఈ గీత మీద."

"కళ్ళద్దాలు కిటికీలో ఉన్నాయి, ఇటివ్వు."

"చదవక్కర్లేదు ఆంటీ, అంతా మామూలే."

"చదవన్లే. గీతైనా కనపడాలి కదా."

"ఇదిగో."

"'ఈ ముప్ఫై ఎనిమిది ఫారాల్లో ఉన్నవన్నీ నిజమనీ, ఏ ఇల్లు ఏ జవాబిచ్చిందో అదే రాశాననీ, తేడా ఉంటే బాధ్యత పూర్తిగా నాదేననీ.' తెలుగులో చెప్తే ఇంతేగా? ఇందులో థాంక్స్ ఎక్కడుంది బాబూ?"

"మీకు ఇంగ్లీషు..."

"ఫిజీలో మా బడంతా ఇంగ్లీషే. తెలుగే మా నానమ్మ నోట విని నేర్చుకున్నా. చెరుకు తోటలకి ఓడలో తెచ్చిపడేసిన మనిషి ఆవిడ. ఆవిడ మనవరాలిని. విలేజ్ టైప్."

"ఆంటీ, అది... ఫోన్ తొందరగా పెట్టేయాలని ఏదో అన్నాను."

"తిను. చల్లారిపోతుంది."

"నన్ను క్షమించండి."

"తేడా ఉంటే అన్నారు. ఏం తేడా?"

"ఏం లేదు."

"ఏం లేనిదానికి శుక్రవారం సాయంత్రం పరిగెత్తుకొచ్చావా?"

"ఎవరో బయటి మనిషి మా లెక్క చెక్ చేశాడు. ముప్ఫై ఎనిమిది ఇళ్ళకి ముప్ఫై ఎనిమిది సున్నాలేంటి అన్నాడు. ఒక్కడంటే ఒక్కడు పది డాలర్లైనా అడగలేదా అని. ఫారంలో ప్రశ్నుంది కదా, ఈ మడ పోతే మీకు ఎంతిస్తే సరిపోతుంది అని."

"ఉంది. సున్నా వేశాను."

"అక్కడే వచ్చింది చిక్కు. ధర చెప్పం, వద్దు అన్నవాళ్ళ సున్నా వేరు. ఇది దేనికీ పనికిరాదు అన్నవాళ్ళ సున్నా వేరు. మా పనిలో ఆ రెండూ విడదియ్యాలి. వద్దన్నవాళ్ళని పక్కన పెట్టి ఇంకో రకంగా అడగాలి. నాకు తెలుసు ఆంటీ. చదువుకున్నాను. టైం లేదు, ప్రణీత గారు వేసెయ్ అన్నారు, వేసేశాను. మొదటి పేజీలో కన్నతల్లి. నలభయ్యో పేజీ పట్టికలో సున్నా. గవర్నమెంటువాళ్ళు పట్టిక ఒక్కటే చూస్తారు."

"చూసి?"

"ఊరివాళ్ళకే అక్కర్లేని మడ మనకెందుకన్నారు. పూడ్చి రేవు కడతారు. సోమవారం మిషన్లు దిగుతాయి."

"మొత్తమా?"

"ఊరి ముందున్నదంతా. ఇంక పీతలుండవు, చేపలుండవు. తుఫానొస్తే మధ్యలో అడ్డమేం ఉండదు, సముద్రం తిన్నగా ఇళ్ళలోకే. వాళ్ళకింకా తెలీదు కూడా. తల్చుకుంటే నాకు అన్నం సయించట్లేదు."

"ఇప్పుడు బాగానే తిన్నావే. సంతకం దేనికి మరి?"

"మీరు పెడితే ఫారాలు సరైనవే అన్నట్టు. లెక్క నిలబడుతుంది, సోమవారం పని మొదలవుతుంది. ఎప్పటికైనా తప్పు బయటపడితే మీ మెడకి చుట్టుకుంటుంది. మీరు పెట్టకుండా, అందులో ఏదో తేడా ఉందని ఒక్క మాటన్నారంటే లెక్క వెనక్కి తీసుకోవాలి. పని ఆగుతుంది. మళ్ళీ మనిషి వెళ్ళి ఇంటింటికీ తిరిగి అడగాలి."

"అప్పుడు నువ్వు?"

"నాదేముంది. ఉద్యోగం పోతుంది. వీసా ఈ కంపెనీ పేరు మీదే ఉంది. సిరికి ఆరో నెల. న్యూ లిన్‌లో ఫ్లాట్ ఖాళీ చేసి ఇండియా ఫ్లైటెక్కాలి."

"సిరి అంటే నీ భార్య కదూ. చక్కటి పిల్ల. మరి నన్ను మభ్యపెట్టి సంతకం చేయించుకుని పోక, ఇదంతా నాకెందుకు చెప్తున్నావు?"

"మభ్యపెట్టాలనే వచ్చాను. మీరేమో ముల్లు చూసుకోమన్నారు. సిగ్గేసింది."

"ముల్లు చూసుకోమని అందరికీ చెప్తాను."

"పెట్టకండి ఆంటీ. మీ ఊరది. నా సంగతి నేను చూసుకుంటాను."

"పెన్నివ్వు."

"ఆంటీ."

"ఇవ్వమన్నానా."

"నేను చెప్పింది అర్థమైందా మీకు? మీరు సంతకం పెడితే ఆ ఊరు..."

"అర్థమైంది. ఇదిగో, అంజని. కింద తేదీ. ఇక్కడ కూడానా? ఇక్కడ కూడా పెట్టాను. సరిగ్గా ఉందేమో చూసుకో."

"ఎందుకు పెట్టారు? నాకోసమా? నాకోసమైతే వద్దు. ఆ పాపం నేను మొయ్యలేను."

"నీకోసం కాదు. నాకు నువ్వెవరు?"

"అయితే కనీసం ఒక్క ఫోన్ చేద్దాం. ఊళ్ళోంచి పెద్ద ఎవరైనా అభ్యంతరం పంపితే చాలు, ఆగుతుంది. మీ దగ్గర అందరి నంబర్లూ ఉన్నాయిగా. శ్రీపతి గారిదివ్వండి, మొదటి ఫారం ఆయనదే. నేనే మాట్లాడతాను."

"లేదు."

"పోనీ పాండురంగ గారిది."

"అదీ లేదు బాబూ."

"ఏ నంబరూ లేకుండా ముప్ఫై ఎనిమిది ఇళ్ళకి ఎలా చేశారు?"

"చెయ్యలేదు."

"ఏంటీ?"

"ఒక్కరికీ చెయ్యలేదు. చేసినా ఎవరెత్తుతారు? ఆ ఊళ్ళో నాతో మాట్లాడే మనిషి లేడు. ఇరవై ఐదేళ్ళయింది."

"మరి కన్నతల్లికి ధర కడతారా అని..."

"నేనే అన్నాను. బాగుంది కదా. ఏడ్చిందన్నావుగా ఎవరో."

"ఎందుకు మాట్లాడరు మీతో?"

"ఆ ఏడు చెరుకు కొట్టకూడదని ఊరంతా కట్టుబాటు పెట్టారు, మిల్లు మీద కోపంతో. మా ఆయన ధర్మేంద్ర కొట్టాడు. పిల్లకి మందులు కావాలి, కొట్టాడు. వెలేశారు. నిప్పివ్వద్దు, నీళ్ళివ్వద్దు, పలకరించొద్దు. మా పడవ తగలబెట్టారు. సరే, నాలుగు రోజులు పోతే వాళ్ళే మెత్తబడతారనుకున్నాం."

"పిల్లకేమైంది?"

"పార్వతి. పదకొండేళ్ళు. ఆయాసం దానికి. ఒక పొద్దున వరదొచ్చి వంతెన కొట్టుకుపోయింది. దీనికి ఊపిరాడట్లేదు. ఆస్పత్రి ఏటికి అవతల. ఊళ్ళో ఇంటికో పడవుంది, అన్నీ ఆ మడ చెట్లకే కట్టుంటాయి. మా గుమ్మంలో నిలబడితే కనిపిస్తుంటాయి, వరసగా."

"మీరు అడగలేదా?"

"పిల్లని భుజాన వేసుకుని అడిగాను. ఆయనేమో ఏరు ఈదబోయి సగంలో వెనక్కొచ్చాడు. నేను శ్రీపతి ఇంటితో మొదలుపెట్టాను. పోయినేడు నువ్వు ఫారాల కట్ట తెచ్చి ఈ బల్ల మీదే పెట్టి, ఏ వరసలో రాసినా పర్లేదు ఆంటీ అన్నావు. గుర్తుందా? ఆ పొద్దున తిరిగిన వరసలోనే రాశాను."

"ఆంటీ, ఇంక చెప్పకండి."

"అడిగావుగా. పాండురంగ గుమ్మం దిగుతుంటే పిల్ల బరువు మారింది. తెలిసింది నాకు. అయినా మిగతా ఇళ్ళకీ వెళ్ళాను. ఒక్క ఇల్లూ వదల్లేదు. చివరి ఇంటావిడ సత్యమ్మ, నాతోపాటు బడికొచ్చిన మనిషి, కిటికీ రెక్క మూసింది."

"వాళ్ళది తప్పే. ఘోరమే. కానీ ఇప్పుడా ఇళ్ళలో పిల్లలుంటారు. అప్పటికి పుట్టనివాళ్ళు. వాళ్ళేం చేశారు?"

"ఏం చెయ్యలేదు. మా పార్వతీ ఏం చెయ్యలేదు."

"నేను ఇది చింపేస్తాను."

"చింపు. నీ చేతిలోనే ఉందిగా. చింపలేవు. సిరికి ఆరో నెల. పో బాబూ, నాలుగున్నర దాటింది, రోడ్ల మీద బళ్ళు ఎక్కువుంటాయి. పులుసు డబ్బాలో పోసిస్తాను, ఆ అమ్మాయికివ్వు."

"ఇంత అబద్ధం... ఒక్క ఇంటినీ అడగకుండా, అన్నీ నిజమని ఎలా సంతకం పెట్టారు ఆంటీ?"

"అడక్కపోవడమేంటి బాబూ, ముప్ఫై ఎనిమిది గుమ్మాలెక్కి అడిగాను. ఏ ఇల్లు నాకేమిచ్చిందో అదే రాశాను."