మొదటి గడి

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఎండాకాలం. వెలిగండ్ల దగ్గరి పల్లె నుంచి చిన్నమ్మ మార్కాపురంలోని నీళ్ళ ట్యాంకర్ల ఆఫీసుకు వచ్చేసరికి, అక్కడ పనిచేసే ఆమె అక్క కొడుకు కంప్యూటరు మీంచి తల ఎత్తలేకపోయాడు. నీళ్ళ కోసం ఫోన్ చేసిన ఊళ్ళను వరుసగా రాసిపెట్టే ప్రోగ్రాం అతను రాసిందే.

“మాకు ట్యాంకర్ ఇంకా రాలేదు నాయనా. అందరికంటే ముందు ఫోన్ చేసింది మేమే.”

“మళ్ళీ చెయ్యలేదా చిన్నమ్మా?”

“ఎందుకు? బోరింగు కాడ బిందె పెట్టినాక వంతు వచ్చేదాకా గమ్మున కూర్చోవాల గదా. మనోడే రాసుకున్నాడు, మర్చిపోడని ఊళ్ళో అందరికీ నేనే చెప్పినా.”

అతను కంప్యూటరు తెరను ఆమె వైపు తిప్పాడు.

“మీ ఊరు పేరు ఇందులో లేదు.”

“ఎట్ల పోయింది?”

“దీంట్లో ఊరికొక గడి, గళ్ళన్నీ చక్రంలాగా వరుసగా ఉంటాయి. ఆఖరి గడి గూడ నిండితే, కొత్తగా ఫోన్ చేసిన ఊరు మళ్ళీ మొదటి గడిలో పడతది. అందులో ఉండేది చెరిగిపోతది.”

“వాళ్ళకు నీళ్ళు పోకపోయినా?”

“పోయినాయా లేదా చూడమని నేను రాయలేదు. ఇన్ని ఊళ్ళు అడుగుతాయనుకోలేదు. తప్పు నాదే చిన్నమ్మా.”

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

“ఇప్పుడేం చేస్తావు?”

“మీ ఊరు ఇప్పుడే ఎక్కిస్తా.”

“గడి ఖాళీ ఉందా?”

“లేదు.”

“మరి ఎవరిది పోతది?”

అతని వేలు మీట మీదే ఆగిపోయింది.

“ఉన్నోళ్ళలో అందరికంటే ముందు అడిగినోళ్ళది.”

“అయితే రాయొద్దు నాయనా. వాళ్ళు గూడ బిందె పెట్టి కూర్చున్నోళ్ళే.”