ఆయనకున్న ఒక్క మాట

హలో… ఆ, నేనే. పొద్దుటి నుంచి నాలుగోసారి నేనే. అమ్మకాల ఫోన్లను అదుపు చేసే శాఖేగా ఇది?… సంతోషం. ఒక మనిషి నోట "ఆ" అని వస్తే ఒప్పుకున్నట్టేనా? మీకు ముందు ముగ్గురిని అడిగాను. ఒకరు ఇంకొకరికి కలిపారు, ఆయన భోజనానికి వెళ్లారు, మూడో ఆవిడ నా చెవిలో పాట పెట్టి మాయమైంది.

…కనెక్షన్ మావారి పేరనే ఉంది. ఈ నంబరుకు ఎవరూ ఏదీ అమ్మజూపరాదని మీ జాబితాలో రాయించి మూడేళ్లు. మీ నిబంధనల పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివాను. మీ ఆఫీసులో అలాంటివారు ఇంకెవరైనా ఉంటే పరిచయం చేయండి.

…సమ్మతి ఇచ్చారంటారు. అమ్మకాల కంపెనీవాడు మావారితో మాట్లాడిన ఆ రికార్డు నాకూ పంపారు, విన్నాను. "మా పథకాల గురించి చెప్పమంటారా సార్?" — "ఆ." "మా తోటి కంపెనీలవాళ్లూ ఫోన్ చేయవచ్చా సార్?" — "ఆ." ఆ రెండు మాటలతో మూడేళ్ల జాబితా చిత్తుకాగితమైంది.

…బెదిరించారని నేననలేదు. వినండి. మావారికి పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు. కుడిచెయ్యి కొంత తిరిగొచ్చింది. మాటల్లో ఒక్కటే తిరిగొచ్చింది. కాఫీ కావాలా అంటే "ఆ". కాఫీ ఒలికిందా అంటే "ఆ". మీరు చంద్రుడి మీద పుట్టారా అన్నా "ఆ" అనే అంటారు.

…అలాంటి మనిషి చేతికి ఫోన్ ఎందుకిచ్చామంటారా? ఇవాళ మీ శాఖలో పుట్టిన మొదటి ప్రశ్న ఇది. మాట నేర్పే డాక్టరమ్మ చెప్పిన సాధన అది. మోగితే తనే లేచి, గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి, తనే తీసి పలకాలి. రోజూ నాలుగింటికి ఆవిడ చేసేవారు. ఆ గంట కోసం ఆయన మూడున్నరకే తల దువ్వుకునేవారు. ఇప్పుడు రోజుకు ఇరవైసార్లు మోగుతోంది. నిన్న డాక్టరమ్మ చేస్తే పలకలేదు. దిండు తెచ్చి ఫోన్ మీద కప్పారు.

…సానుభూతి దాచుకోండి, రేపు ఇంకెవరికైనా పనికొస్తుంది. సమ్మతి రద్దు చేయండి, చాలు.

…ఆయనే, స్వయంగా, "వద్దు" అనాలా. ఆ మాటే వచ్చి ఉంటే, బాబూ, మీకు ఫోన్ చేసేదాన్ని కాను; వీధంతా తిరిగి చెప్పుకునేదాన్ని.

…మీ పై అధికారిని కదపకండి. మీరంటున్నది పదకొండో నిబంధన. అందులో "వద్దు" అన్న మాట ఎక్కడుందో పైకి చదవండి… అంతేగా? "తన గొంతుతో స్పష్టంగా తెలియజేయాలి." మిగతాది మీ గుమాస్తాల సొంత కవిత్వం.

కనుక మీకు రెండే దారులు. ఆయన "ఆ" చెల్లదంటే ఆ రికార్డూ చెల్లదు, కొట్టేయండి. చెల్లుతుందంటే ఇంకో "ఆ" తీసుకోండి.

…ఆలోచించుకోండి, ఆగుతాను. పాట మాత్రం పెట్టకండి.

…రెండోదా. సరే.

ఏమండీ, ఇలా వస్తారా… గోడ పట్టుకోండి. భయం లేదు, ఈయన ఏమీ అమ్మరు. ఇంకొక్క అడుగు… కూర్చోండి.

బాబూ, రికార్డు మొదలైందా? "కావాలా, వద్దా" అనకూడదు. "ఈ అమ్మకాల ఫోన్లన్నీ ఇవాళే ఆపేయమంటారా" అనాలి. ఆయన చెవి దగ్గర పెడుతున్నాను. అడగండి.