రేకు అంచు

ఇంటి ముందు కొత్తగా వేసిన కారు షెడ్డును మున్సిపాలిటీ ఆయన టేపుతో కొలుస్తున్నాడు. గేటు దగ్గర భార్యాభర్తలు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు.

“ప్రహరీకి మూడడుగులు వదలమన్నారు, వదిలే స్తంభాలు పాతించాను. మరెందుకలా తల అడ్డంగా ఊపుతున్నాడు?”

“కొలవాల్సింది స్తంభం నుంచి కాదటండీ, పైన రేకు అంచు నుంచట. అది అడుగున్నర ముందుకొచ్చింది.”

“అయితే మొత్తం పీకేయమంటాడా?”

“అంచు కోయిస్తే చాలన్నాడు.”

“కోయిస్తే వాన లోపలికి కొడుతుంది. అమ్మని కారు దించేది ఆ పక్కనే. ఆవిడ తడవకూడదనే కదా ఇదంతా! ఇది పక్కింటాయన పనే. కంప్లైంటు ఇచ్చింది ఆయనే.”

“పాపం, ఆయన్నేమీ అనకండి. ఆయన కాదు.”

“మరెవరు?”

“మెల్లగా. అత్తయ్య కిటికీ తెరిచే ఉంది.”

“ఉంటే?”

“ఫోన్ చేసింది అత్తయ్యే. షెడ్డు వేశాక ఆవిడకి రోడ్డు కనబడట్లేదు. మంచం మీంచి రోజంతా ఆ రేకునే చూస్తున్నారు.”

“నాతో ఒక్క మాట అనచ్చుగా!”

“అన్నారండీ, ఎన్నిసార్లో. ‘వానొస్తే దీని విలువ నీకే తెలుస్తుందిలేమ్మా’ అని మీరే కొట్టిపారేశారు.”

టేపు చుట్టుకుంటూ ఆయన ఇటే వస్తున్నాడు.

“అదిగో, వచ్చేస్తున్నాడు. అంచు కోయిస్తామని చెప్పెయ్యనా?”

“ఆగు. ఒక్క నిమిషం కూర్చోమను. అడిగొస్తాను.”

“ఎవర్ని?”

“షెడ్డు ఎవరి కోసం వేశానో, ఆవిణ్ని.”