ఎడమచేతి మడత

ఆగు బావా. ఆ బూట్లు విప్పి ఇట్టా కూర్చో. ప్రార్థన కూటం పదింటికి కదా, ఇంకా తొమ్మిదన్నా కాలా. శుక్రవారం పూట నిజ్వాలో ట్యాక్సీలు దొరకవని నాకు చెప్పమాక. ఐదేళ్లనించి ఈ ఊళ్లో ఉంటన్నదాన్ని.

ఏందా చూపు? నేనేం కాళ్లకి అడ్డంపడి ఏడవనులే. ప్రార్థన అయ్యాక లేచి నుంచుని అందరి ముందూ మా వార్డు నర్సు జూలీ పేరు చెబుతానంటున్నావుగా, చెబుదువుగాని. ముందు నా మాట విను. ఆ పైన నీ ఇష్టం.

సోమవారం బలదియా, అదే మునిసిపాలిటీ వాళ్లొచ్చి అబ్దుల్ వహాబ్ హోటల్ వెనక గదిలో నిన్ను పట్టుకున్నారు. ఫ్యామిలీ వీసా మీదొచ్చినోడు పని చెయ్యకూడదన్నారు. మా ఆసుపత్రిలో కాగితాల పని చూసే మందూబ్ పెద్దమనసుతో సంతకం పెట్టబట్టి ఇంటికి పంపారు గానీ, వచ్చే గురువారం విమానానికి నువ్వు ఇండియా వెళ్లిపోవాలి. ఎవరో ఫోన్ చేసి చెప్పబట్టే వాళ్లొచ్చారు. ఆ ఎవరో జూలీ అని నువ్వు నాలుగు రోజుల్నించి పళ్లు కొరుకుతున్నావు. ఎందుకంటే, నువ్వక్కడ పని చెయ్యటం చూసింది జూలీ ఒక్కతే. ఎవరికీ చెప్పొద్దని నువ్వు బతిమాలింది కూడా ఆ పిల్లనే. అంతేగా?

అంతేలే. ఎవరన్నా అట్టాగే అనుకుంటారు. నేను కూడా అట్టాగే, అన్నీ సరిగ్గా అతికించుకుని మరీ అనుకున్నా.

నాకు మొదట ఎక్కడ అనుమానం తగిలిందో చెప్పనా? ఫ్రిజ్జులో.

డ్యూటీ దిగి వచ్చి స్టీలు గిన్నె మూత తీస్తే నాలుగు సంబూసాలు, మన సమోసాల్లాంటివి. ఎక్కడివి బావా అంటే, అబ్దుల్ వహాబ్ హోటల్లో కొన్నానన్నావు. సరే అని కొరికా. అయ్యా, ఆ హోటలు సంబూసా నేనెప్పుడూ తినలేదనుకున్నావా? చెప్పు అట్టలాగా ఉంటుంది, లోపల బంగాళాదుంప తప్ప ఇంకేం ఉండదు. ఇదేమో పైన ఉల్లిపొరంత పల్చన. లోపల కీమా పొడిపొడిగా, దాల్చినచెక్క వాసన. ఇది ఎవరో కూర్చుని తీరిగ్గా, ఇష్టంగా చేసింది. అమ్మకానికి చేసేవాళ్లు ఇట్టా చెయ్యరు. ఆడది ఇంత శ్రద్ధగా చేస్తే తన మొగుడికన్నా చెయ్యాలి, పరాయిదాని మొగుడికన్నా చెయ్యాలి!

తినకుండా పారేశానా అంటావా? లేదు, నాలుగూ తిన్నా. తింటానే అనుమానించా.

ఆ తర్వాత అన్నీ కనపడటం మొదలుపెట్టాయి. సాయంత్రం పూట నీకు రెండోసారి స్నానమేంది? చొక్కా మోచేతి దగ్గర మైదా ఏంది? వేళ్ల కొసల మీద బొబ్బలేంది అనడిగితే ఇస్త్రీపెట్టె తగిలిందన్నావు. నా యూనిఫారం నేనే ఇస్త్రీ చేసుకుంటానే! మరి నువ్వు ఎవరి బట్టలు ఇస్త్రీ చేస్తన్నట్టు?

అన్నిటికంటే పెద్ద అనుమానం ఎందుకొచ్చిందో తెలుసా? నువ్వు నవ్వటం మొదలుపెట్టావు. బాపట్ల బళ్లో క్రాఫ్టు మాస్టారు ఉద్యోగం మాన్పించి నేనే నిన్ను తెప్పించుకుంటిని. వచ్చిన దగ్గర్నించీ కూటంలో మగాళ్లు నిన్ను నర్సు మొగుడనే పిలుస్తుంటే, రెండేళ్లు గోడకేసి తిరిగి పడుకున్న మనిషివి. అట్టాంటిది పొద్దున్నే ఈలేసుకుంటా గెడ్డం గీసుకుంటన్నావు. పిల్లాజెల్లా లేని ఇల్లు, నువ్వూ నేనూ తప్ప మూడో మనిషి లేదు. నేను నవ్వించలా. మరి ఎవరు నవ్విస్తన్నట్టు?

అదే కదా అప్పుడే అడక్కపోయావా అని నీ మొహం చెబుతోంది. ఉండు, అక్కడికే వస్తన్నా.

నేనూ సంబూసా నేర్చుకోవాలనుకున్నా. ఆ చేసేదానికంటే బాగా చేసి నీ ముందు పెడదామని. మా వార్డులో జువేనా అని ముసలమ్మ ఉండేది గుర్తుందా, కాలికి షుగరు పుండు? జాంజిబార్లో పుట్టి పెరిగి తర్వాత ఇక్కడికొచ్చినావిడ. డిశ్చార్జి అయ్యాక కూడా వాళ్లింటికెళ్లి కట్టు కట్టొస్తన్నా. నీకేం కావాలో అడగమంది ఒకరోజు. సంబూసా నేర్పమన్నా. బంగారు గొలుసు అడుగుతాననుకుంది కాబోలు, తెరిచిన పెట్టె మూసేసింది.

ఆవిడకొచ్చిన హిందీ నాలుగు ముక్కలు, నాకొచ్చిన అరబ్బీ వార్డు అరబ్బీ. నొప్పి ఎక్కడ, మాత్ర మింగు, గాలి పీల్చు. దాంతోనే నేర్చుకున్నా వంట!

నీకు తెలీందేముందిలే, అయినా చెబుతా. నాలుగు పూరీలు వత్తి, నూనె రాసి, పిండి చల్లి, ఒకదానిమీద ఒకటి పేర్చి, అప్పుడు అన్నిటినీ కలిపి పెద్దగా వత్తాలి. పెనం మీద వేడి చూపించి, కాలీకాలకముందే దించి, పొరలు ఊడదియ్యాలి. చల్లారితే అతుక్కుపోతాయి, కాబట్టి వేడిమీదే లాగాలి. నా వేళ్లు బొబ్బలెక్కాయి బావా. నీ వేళ్ల మీదున్న చోటే, అవే బొబ్బలు!

అప్పుడన్నా బుర్ర వెలగాలా వద్దా? నాకేం తట్టిందో చెప్పనా? దాని పక్కన కూర్చుని పొరలు ఊడదీసి సాయం కూడా చేస్తన్నాడే అని తట్టింది.

నవ్వొచ్చిందా? నాకప్పుడు ఏడుపొచ్చింది.

కీమా మన కూరకి వండినట్టు ఉల్లిపాయలు ఎర్రగా వేయించి వండా. నీరూరి, నూనెలో పడంగానే సంబూసాలు ఠప్పుఠప్పున పగిలి, కీమా అంతా బాణట్లో తేలింది. ఉల్లిపాయ పొయ్యి దించాక పచ్చిదే కలపాలంట. అంచు మూయమంటే అలవాటు కొద్దీ కజ్జికాయలాగా మెలిపెట్టా. జువేనాకి నవ్వీ నవ్వీ దగ్గొచ్చి, నేనే వీపు నిమరాల్సొచ్చింది. వారం రోజులైనా నా చేతివి ఆ గిన్నెలో వాటిలాగా రాలా. ఈవిడేదో దాచిపెట్టి నేర్పుతోందని ఆవిడ మీదా అనుమానమే. అటు తిరిగినప్పుడల్లా మసాలా డబ్బాలు మూతలు తీసి వాసన చూసేదాన్ని. డెబ్బయ్యేళ్ల ముసలమ్మ, కాలు చాపుకుని కూర్చుని నాకు వంట నేర్పుతా ఉంటే!

రంజాన్ దగ్గరపడిందని వాళ్లింట్లో ఆడవాళ్లందరూ కూర్చుని వందలకి వందలు మడిచి దాస్తన్నారు. జువేనా తట్టలోంచి ఒక్కోటి తీసి, ఇది పెద్దకోడలిది, ఇది కూతురిది అని చెప్పేస్తంది. పెద్దకోడలు కొస దగ్గర సన్న సందు వదుల్తుందంట. కూతురు మైదా జిగురు దండిగా పూస్తుందంట. ఒక్కో చేతికి ఒక్కో మడత ఉంటుందని నాకప్పుడు తెలిసింది. మర్నాడే మన ఫ్రిజ్జులోంచి ఒకటి తీసి రుమాల్లో చుట్టుకుపోయా. ఇది ఎవరి చెయ్యో చెప్పమన్నా.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇది ఎడమచేతి మడత, అంచు మనవైపు మూసుకోవాల్సింది అటువైపు మూసుకుంది, మా వాళ్లలో ఎవరిదీ కాదు అంది. మడిచిన మనిషి పనిమంతురాలు అని మెచ్చుకుంది కూడా.

ఎడమచెయ్యి. చిన్నప్పుడు అత్తయ్య నీ ఎడమచెయ్యి కండువాతో వీపుకి కట్టేసి, కుడిచేత్తో తినటం రాయటం నేర్పిందని నాకు తెలీదా? మన పెరట్లో నేను చూస్తుండంగానేగా కట్టింది! తెలుసు. అయినా తట్టలా. నా అనుమానానికి ముందే చీర కట్టి కూర్చోబెట్టా. ఆ చీర విప్పి చూడాలని ఎందుకనిపిస్తుంది?

మా వార్డులో ఎడమచేత్తో ఇంజెక్షన్ చేసేది జూలీ ఒక్కతే.

ఇంక చూడు నా తెలివి. డ్యూటీ చార్టు తీశా. ఫ్రిజ్జులో సంబూసాలు ఉన్న రోజులన్నీ నాకు మధ్యాహ్నం డ్యూటీ. ఆ రోజులన్నీ మధ్యాహ్నం జూలీకి సెలవు. ఒక్కరోజు తప్పలా! తప్పితేగా? ఆ పిల్లా నేనూ మార్చిమార్చి చేసే డ్యూటీలాయె. నేను వార్డులో ఉంటే అది ఉండదు, నేను ఇంట్లో ఉంటే నువ్వు హోటలుకి పోవు. ఈపాటి లెక్క చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది. నాకు మాత్రం దేవుడే చార్టు విప్పి చూపిస్తన్నాడనిపించింది.

పోయిన నెల కూటంలో నువ్వేదో అంటే ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వటం గుర్తొచ్చింది. ఒకరోజు డ్యూటీకి పోతా, నువ్వు అబ్దుల్ వహాబ్ హోటల్ వెనక గుమ్మంలోకి దూరటం చూశా, అది అక్కడే కూర్చుని నీకు వండిపెడతందనుకున్నా. అంతే. ఇంకేం కావాలి?

ఏంది, లేస్తున్నావు? కూర్చో బావా. నీకర్థమైపోయిందని నాకు తెలుసు. అయినా నా నోటితో నేను చెప్పాలి. చెప్పనీ.

ఆ ఫోన్ చేసింది జూలీ కాదు. నేను.

ఆదివారం పొద్దున, ఆసుపత్రి గేటు పక్కనున్న ఫోన్ నుంచి. అబ్దుల్ వహాబ్ హోటల్ వెనక గదిలో ఒక నర్సు లైసెన్సు లేకుండా వంట చేస్తంది, రేపు మధ్యాహ్నం మూడింటికి వెళ్తే దొరుకుతుందని చెప్పా. పేరు అడిగారు. చెప్పలా. వాళ్లే పట్టుకుంటారుగా, తోటి క్రైస్తవురాలి పేరు నా నోటితో ఎందుకు పాడుచెయ్యటం అనుకున్నా. ఎంత మర్యాదస్తురాలినో చూశావా!

హోటల్లో పట్టుబడితే జూలీ ఉద్యోగం పోతుంది, ఊరొదిలి పోతుంది, నువ్వు మళ్లీ ఇంట్లో ఉంటావు. నేననుకుందల్లా అంతవరకే.

సోమవారం మధ్యాహ్నం వార్డులో నేను గడియారం చూసుకుంటా ఉన్నా. మూడున్నరకి జూలీ నవ్వుకుంటా వచ్చింది, నా క్యారియర్ గిన్నె ఇచ్చిపోదామని. ఇది ఇక్కడుంటే వాళ్లు అక్కడ ఎవరిని పట్టుకుంటారు అనుకుంటుండంగానే డెస్కు మీద ఫోన్ మోగింది. ఎత్తింది జూలీయే. "అక్కా, నీకే. అన్నయ్య గురించంట" అని నా చేతికిచ్చింది.

నేను బలదియా ఆఫీసుకొచ్చేసరికి నువ్వు బెంచీ మీద కూర్చుని ఉన్నావు. మోచేతుల దాకా మైదా. నన్ను చూసి ఏమన్నావో గుర్తుందా? "నిన్ను అడక్కుండా నా సంపాదనతో నీకేదన్నా కొనాలనుకున్నా మణీ" అన్నావు. అప్పుడు చెప్పాల్సింది నేను. అక్కడే, ఆ బెంచీ దగ్గరే కాళ్లమీద పడి చెప్పాల్సింది. చెప్పలా. మందూబ్ వచ్చాడా అనడిగా.

ఇంటికొచ్చాక నువ్వు జూలీ అన్నావు. నేను అవునన్లా, కాదన్లా. మర్నాడు మళ్లీ అన్నావు. అప్పుడు, "ఆ పిల్ల నవ్వే అంతలే" అన్నా. అవును బావా, నేనే అన్నా. నిన్న సాయంత్రం అది చేపల పులుసు వండుకుని గుమ్మం దాకా వస్తే, తలుపు సగం తెరిచి తలనొప్పని పంపించేశా. "అన్నయ్య వెళ్లేలోపు ఒక్కసారి చూసిపోతానక్కా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నువ్వక్కడ పిండి కలుపుతున్నావని పది రోజుల ముందే తెలిసి, నీకిచ్చిన మాట కోసం నాక్కూడా చెప్పకుండా కడుపులో దాచుకున్న పిల్ల అది.

అందుకే బూట్లు విప్పమన్నా. ఆ కూటంలో ఒకసారి పేరు పడితే ఆ పిల్ల ఈ ఊళ్లో తలెత్తుకోలేదు. చేసింది నేను.

తిట్టు. చెయ్యెత్తినా ఎత్తు.

ఏందీ? అదేనా నువ్వడిగేది? నిన్నే అడిగుంటే సరిపోయేదిగా అనా?

అడగొచ్చు. ఆ పక్కగదిలోనే ఉన్నావు, ఎన్నిసార్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయానో. అడిగితే, "అవును మణీ, ఒకామె ఉంది" అంటావేమోనని. అంటే నేనేం చెయ్యాలి? మళ్లీ యూనిఫారం వేసుకుని డ్యూటీకి పోవాలిగా. నువ్వు నిజం చెబుతావని భయపడ్డా బావా. అబద్ధం చెబుతావని కాదు.

సరేలే. తొమ్మిదిన్నర అవుతోంది. నువ్వు రాకపోయినా పర్లేదు, నేను చీర మార్చుకుని వెళ్తా. పాటలు అయ్యి ప్రార్థన మొదలుకాకముందే లేచి నుంచుంటా. నువ్వు చెబుతానన్న మాటే చెబుతా, పేరు మార్చి.

నీకేముంది, గురువారం విమానం ఎక్కేస్తావు. రేపు పొద్దున్నుంచి, డ్యూటీ మారినప్పుడల్లా ఆ వార్డులో మొహామొహాలు చూసుకోవాల్సింది నేనూ జూలీనే.