సరిపోలని ఫైలు

“కరెంటు పోయిందని ఎన్నిసార్లు చెప్పాలమ్మా? కెమెరా ఆగిపోయింది. ఎంతవరకూ రికార్డయ్యిందో అంతా నీ పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చేను. ఇంకేం కావాలి?”

“మిగతాది కావాలండి.”

“మిగతాదేముంది, నా బొంద!”

ముక్తేశ్వరం రోడ్డులో కొబ్బరికాయల కొట్టు. ఆఫీసు గదిలో బల్లకి అటు కొట్టు యజమాని నరసింహమూర్తి, ఇటు అమలాపురం కాలేజీలో కంప్యూటర్లు చెప్పే ప్రసన్నకుమారి. ముసురు పట్టిన ఒక సాయంత్రం ఈ కొట్టు ముందే, సైకిలు మీద వెళ్తున్న ఆమె తండ్రి సీమోనును లారీ గుద్దేసి పోయింది. ఆస్పత్రికి చేర్చేలోగా ఆయన ప్రాణం పోయింది. కొట్టు గుమ్మం మీద ఉన్న కెమెరా ఒక్కటే సాక్షి.

“సరే మూర్తిగారూ. పోలీసులకేం ఇచ్చేరు?”

“ఇదే.”

“ఇదేనా?”

“ఇదే అంటుంటే! ఒకటే కెమెరా, ఒకటే రికార్డింగు. ఎస్సైగారు ఇదిగో, ఈ కుర్చీలోనే కూర్చుని కాపీ తీయించుకున్నారు. నాచేత సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టించుకున్నారు.”

“ఆ సర్టిఫికెట్టు జిరాక్సు నా దగ్గరుందండి. మీ సంతకం పైన ఈ పొడుగాటి వరస చూసేరా? అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసిపోయి ఉందీ?”

“ఏదో కోడన్నారు. పెట్టమన్నచోట పెట్టేను.”

“దాన్ని హ్యాష్ అంటారండి. ఫైలుకి వేలిముద్రలాంటిది. ఆ రోజు పోలీసులు పట్టుకెళ్ళిన ఫైలు వేలిముద్ర ఇది. మీరు నాకిచ్చినదాని వేలిముద్ర ఇప్పుడు మీ ఎదురుగానే తీస్తాను. రెండూ ఒకటే ఫైలైతే ఒకటే రావాలి.”

“పాఠాలు కాలేజీలో చెప్పుకోండి మేడంగారూ.”

“ఆయ్, అక్కడా చెప్తాను. ఇక్కడ మీరు చూడండి. నా లాప్‌టాప్‌లో ఈ నల్ల తెర మీద షా టూ ఫిఫ్టీసిక్స్ సమ్ అని కొట్టేను. పక్కన ఫైలు పేరు. ఎంటర్.”

“ఏమీ రావట్లేదే.”

“పెద్ద ఫైలు కదండీ, మొదట్నుంచి చివరిదాకా చదువుకోవాలి. ఇదిగో, వచ్చింది. మీరే చదవండి.”

“కళ్ళజోడు లేదు.”

“జేబులో ఉంది.”

“తొమ్మిది... ఎఫ్... రెండు, రెండు.”

“కాయితంలో?”

“సి, సున్నా... ఇదేంటి, అసలు పొంతనే లేదు.”

“లేదండి. ఇప్పటిదాకా ఒకటే అన్నారు.”

“పేరు వల్లయ్యుంటుంది. వాళ్ళు తీసుకున్నప్పుడు ఏవో నంబర్లుండేవి. నీకిచ్చేటప్పుడు మీ నాన్నగారి పేరు పెట్టేను.”

“పేరుకీ దీనికీ సంబంధం లేదండి. చూడండి, ఇప్పుడే పేరు మార్చేను. మీ పేరే పెట్టేను. మళ్ళీ కొట్టేను. ఏమొచ్చింది?”

“తొమ్మిది, ఎఫ్, రెండు, రెండు.”

“పైన ఏ పేరు పెట్టుకోండి, ఇది కదలదు. లోపల చుక్కంత మారినా మొత్తం మారిపోతుంది.”

“అయితే నీ పెన్‌డ్రైవే పాడయ్యింది. వైరస్సు పట్టుంటుంది.”

“పాడైతే బొమ్మ ఎక్కడో ఓచోట చెదిరిపోవాలండి. ఇది శుభ్రంగా ఆడింది. లారీ అలా దాటింది, ఇలా వీడియో ఆగిపోయింది. తలుపేసినట్టు. కరెంటుకి కూడా అంత టైమింగుంటుందా?”

“అబ్బబ్బబ్బ! ఏమంటావు నువ్వు? సూటిగా చెప్పు.”

“లారీ ఎవరిదండి?”

“తెలీదా నీకు? మా మేనల్లుడిది.”

“నడిపింది?”

“డ్రైవరు కొండయ్య. తనంతట తనే స్టేషనుకెళ్ళి లొంగిపోయేడు.”

“లొంగిపోయేడా? పంపించేరా?”

“ఏయ్!”

“నడిపింది మీ మేనల్లుడు నాగసతీష్. గుద్దేక లారీ కాస్త ముందుకెళ్ళి ఆగింది. అతను దిగి వెనక్కి చూసేడు. మొహం మీ కెమెరాలో పడింది. అది కోసేసి, కరెంటు పోయిందని కథ చెప్తున్నారు. పాపం కొండయ్యని జైలుకి పంపేరు.”

“నోరు అదుపులో పెట్టుకో. మీవాళ్ళు నాలుగక్షరాలు నేర్చేసరికి...”

“ఆగిపోయేరేం? మీవాళ్ళంటే ఎవరండి?”

“కాలేజీవాళ్ళు.”

“మా తాత మీ నాన్నగారి చేలో కూలికెళ్ళేడు. ఆ మాట అనడానికి మొహమాటమెందుకండీ?”

“నేనా మాటన్లేదు.”

“అనబోయేరు.”

“బయట కాయలు ఒలిచేవాళ్ళు వింటున్నారు. మర్యాదగా లేచి వెళ్ళు.”

“విననివ్వండి. ఇక్కణ్ణుంచి నేరుగా లాయరుగారి దగ్గరికే వెళ్తున్నాను. ఫైలు మార్చేసి తప్పుడు సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టేరని కోర్టులో చెప్పిస్తాను.”

“చెప్పించు! హైకోర్టుకెళ్ళు! నాకేం భయం? పోలీసులకిచ్చింది ఒరిజినలు. మొదలూ చివరా ముట్టుకోలేదు.”

“అంటే నాది ఒరిజినలు కాదన్నమాట.”

నరసింహమూర్తి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“మూర్తిగారూ, మిమ్మల్నే. ఒరిజినలు ఎక్కడుంది?”

“నా కంప్యూటర్లో ఉంది. ఉంటే?”

“దాని వేలిముద్ర కూడా తీస్తాను.”

“తీసుకో. తీసి, మూర్తి దొంగ కాదని నీ నోటితో చెప్పి, వెళ్ళిపో. ఫైలు మాత్రం తెరవకు.”

“ఎందుకు తెరవకూడదు?”

“తెరవకన్నాను!”

“అరవకండి. జరగండి ఇటు. మీది విండోసు కదా, కమాండు వేరు. సర్ట్‌యుటిల్... ఎంటర్. మీరు కళ్ళజోడు పెట్టుకుని కాయితం చదవండి, నేను తెర మీద చూస్తాను.”

“సి, సున్నా, ఏడు, బి.”

“సి, సున్నా, ఏడు, బి. ఊఁ.”

“చాలా?”

“చాలదండి. మొత్తం.”

మొత్తం చదివించింది. మధ్యలో ఆయన ఒకచోట తడబడితే మొదటికి తెచ్చి మళ్ళీ చదివించింది. ఒక్క అక్షరం తేడా రాలేదు.

“సరిపోయిందా మేడంగారూ?”

“సరిపోయింది.”

“అంటే?”

“పోలీసుల దగ్గరున్నదీ ఇదీ ఒకటే. ఇందులో మీరేం మార్చలేదు.”

“మరి మా సతీషుని అన్న మాట?”

“లారీ ఆగలేదా?”

“ఆగితే ఎస్సైగారు ఊరుకునేవారా? మొత్తం ఆయన చూసేరు. లారీ ఆగలేదు, ఎవడూ దిగలేదు. నడిపింది కొండయ్యే. ఆ పూట మా సతీషు రావులపాలెంలో ఉన్నాడు. ఇంక బయల్దేరు.”

“పోలీసులకి మొత్తమిచ్చి, నాకెందుకు కోసిచ్చేరు?”

“నా ఇష్టం.”

“అదేం సమాధానమండీ? మౌసివ్వండి.”

“ఇవ్వను.”

“చచ్చిపోయింది మా నాన్న. చూసే హక్కు నాకుంది. చెయ్యి తియ్యండి దాని మీంచి.”

“తియ్యనమ్మా. కావాలంటే కొట్టు. నాకూ ఓ కూతురుంది. దానికైతే చూపిస్తానా అని ఆలోచించే కోసేను.”

“నేను మీ కూతుర్ని కాను. లారీ పోయేక ఏముందండి అందులో?”

“మీ నాన్నగారున్నారు. రోడ్డు పక్కన.”

“ఇంకా?”

“వాన.”

“ఇంకా?”

“ఎందుకమ్మా పీకి పీకి అడుగుతావు?”

“ఇంకా ఏముందండీ!”

“ఓ స్కూటీ వచ్చింది! చాలా? అమలాపురం వైపునుంచి వచ్చింది. ఆయన దగ్గరకొచ్చి స్లో అయ్యింది. కాలు కింద పెట్టి ఆగింది. తర్వాత పక్కనుంచి తిప్పుకుని వెళ్ళిపోయింది. పైన రెయిన్‌కోటు, మొహం సరిగ్గా పడలేదు. పోలీసులు ఎవరో దారినపోయేవాళ్ళనుకున్నారు. నాకూ తెలీదు. పెన్‌డ్రైవు పట్టుకుని మొన్న నువ్వొచ్చి బండి బయట పెట్టేక, వీడియోలో స్కూటీకున్నట్టే వెనక అద్దానికి కట్టిన గుడ్డ చూసి తెలిసింది.”

బయట కాయ ఒలుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

“మనసులో పెట్టుకోకమ్మా. ముసురు. మసక చీకటి. సైకిలు పక్కన బోదె కాలవలో పడిపోయింది, కనపడదు. ఎవడో తాగి పడ్డాడనుకుని ఉంటావు. ఎవరైనా అదే అనుకుంటారు. తండ్రని తెలిస్తే ఏ పిల్లయినా వదిలేసి పోతుందా? అందుకే కరెంటు పోయిందన్నాను. తిట్టుకుంటే నన్ను తిట్టుకుంటావులే అనుకున్నాను.”

“కరెంటు పోలేదండి.”

“అదే కదా ఒప్పుకుంటున్నాను.”

“నాకు ముందే తెలుసండి. మీ కొట్టు లైటు వెలుగులోనే బండి తిప్పుకున్నాను.”

“ఏమిటీ?”

“ఇంటికెళ్ళి రెయిన్‌కోటు విప్పుతుంటే ఫోనొచ్చింది. మళ్ళీ ఇక్కడికొచ్చేసరికి జనం మూగేరు. అదే చోటు. ఎవరికీ చెప్పలేదు. మా అమ్మక్కూడా.”

“తెలిసీ... ఇంత రాద్ధాంతం చేసేవా? మా సతీషుని, నన్ను...”

“మీ సతీషైతే బాగుండుననుకున్నానండి. ఎవరో ఒకరు ఆగి, చూసి, పోయుండాలి. నేనొక్కదాన్నే కాకూడదని.”

“ఓరి నాయనో. ఇంకెందుకమ్మా చూడ్డం? తెలిసిందే కదా, వెళ్ళి పడుకో. దేవుడి దగ్గర చెప్పుకో.”

“బండి తిప్పుకున్నాక అద్దంలోకి ఒక్కసారి చూసేను. చెయ్యి లేచినట్టనిపించింది. అద్దం నిండా నీళ్ళు. నిజంగా లేచిందో, నేనే ఊహించుకుంటున్నానో తెలీట్లేదు. నిద్ర పట్టట్లేదండి. అందుకోసం వచ్చేను. మీరు మొత్తం చూసేరు కదా.”

“అడగొద్దమ్మా.”

“అబద్ధం చెప్పకండి. ఆయన చెయ్యి లేచిందా?”

“లేచిందమ్మా. నువ్వు మలుపు తిరిగేదాకా దించలేదు.”