పసుపు కడిగేసిన రాయి

ఏటమ్మా బిందూ, రోడ్డు అక్కడ అలగ వంకర తిరిగినాదేటని అడుగుతున్నావా? మీ ఆయన చెప్పనేదా? మీ ఇంటి కథే కదమ్మా అది. కూకో, చెప్తాను. మీ ఆయన నాయనమ్మ తాయారమ్మ తిప్పిన వంకర అది. నాకు చుట్టరికం ఏటీ లేదు, మీ క్వార్టరు గోడా మా గోడా ఒకటే. తాయారక్కా అనీవోడిని. ఆ రాతి స్తంభం చూసినావు కదా. తెల్లోళ్ళ కాలంలో ఇక్కడ పటాలం క్యాంపు ఉండీదట. రెండో ప్రపంచ యుద్ధమప్పుడు పోయిన తెల్ల సిపాయిల పేర్లు చెక్కించి నిలబెట్టినారు. వాళ్ళు దేశం వదిలెళ్ళిపోయినారు, రాయి ఉండిపోయినాది. తరవాత మన శ్రీకాకుళపోళ్ళు ఈ రాయపూరు రైల్వే వేగన్ షాపు పనికొచ్చి, ఇంగ్లీషు చదవడం వస్తేనా, పోతురాజనుకున్నారు. పసుపు రాసి, బొట్లు పెట్టి, అమ్మవారి పండక్కి కోడిని కూడా కోసీవోరు. నవ్వకు. ఆ కోడిని మేమూ తిన్నాం.

సరే, టీవీలో ఇరాకు యుద్ధం చూపించిన యేడు, రోడ్డు వెడల్పు చేస్తామని కాంట్రాక్టు పట్టిన ఠేకేదారు ధనుంజయ్ వచ్చినాడు. "అంగ్రేజోళ్ళే పోయినారు, వాళ్ళ పత్థర్ మనకెందుకు దాయీ" అని అక్కతో అన్నాడు. ఇక్కడోళ్ళు అమ్మని దాయీ అంటారు. మేమందరం, గొడవెందుకక్కా, దేవుడని చెప్పెయ్యి, ముట్టుకోడానికి జడుస్తాడు అన్నాం. దేవుడి జోలికి ఎవడెళ్తాడు చెప్పు. అదిగో, అక్కడ మొండికేసినాది మీ ముసలమ్మ. బకెట్టు నీళ్ళు, కొబ్బరి పీచు పట్టుకొచ్చి, ఏళ్ళ నాటి పసుపంతా తోమి కడిగేసినాది. "దేవుడని అబద్ధమాడి నిలబెడితే, రేపు ఇంతకన్నా పెద్ద దేవుడొస్తే పీకేస్తారు. వీళ్ళు మనుషులు. మనుషులని చెప్పే నిలబెడతాను" అన్నాది. ఠేకేదారుకి ఒళ్ళు మండిపోయింది. "మనల్ని ఏలినోళ్ళు దాయీ వీళ్ళు" అన్నాడు. "ఏలినోడు బంగళాలో పడుకున్నాడు బాబూ. ఇది జ్వరాలొచ్చి పోయిన కుర్రోళ్ళ రాయి" అన్నాది.

ఎందుకంత పంతమంటే, అక్క వాళ్ళ అన్న సూరిబాబు, ఆ తెల్ల కుర్రోళ్ళు పోయిన యుద్ధంలోనే, రైలు పట్టాలేసే పటాలంలో చేరి ఇరాకు వెళ్ళినాడు. వెళ్ళినోడు మరి రానేదు. శవమూ రానేదు. అక్కడెక్కడో రాయి మీద పేరుందని ఎవరో చెప్తే, ఆ మాటే పట్టుకుని బతికినాది. "వీళ్ళ రాయి మనం పీకేస్తే, మా అన్న రాయి ఉంచండని వాళ్ళని ఏ మొహం పెట్టుకుని అడుగుతాను భీమారావూ" అనీది నాతో.

మా అబ్బాయి యోగేష్ ఊరుకున్నాడా. సైబర్ కేఫ్‌కెళ్ళి ఇంటర్నెట్లోంచి ఒక ఫొటో ప్రింటు తీయించి తెచ్చినాడు. ఇరాకులో పటాలపోళ్ళ శ్మశానం, రాళ్ళన్నీ పడిపోయి, పేర్లు చెరిగిపోయి ఉన్నాయి. "అక్కడే నిలబెట్టనేదు, ఇంక నువ్వు మాత్రం ఎందుకత్తా" అన్నాడు. ముసల్ది ఏమైపోతాదోనని నాకు భయం. ఫొటో ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసినాది. "అయితే అక్కడ నాలాటి ముసల్ది ఒకత్తి లేకపోయిందన్నమాట" అన్నాది. కళ్ళు తుడుచుకుని, పీట పట్టుకెళ్ళి రాయికి ఆనుకుని కూకున్నాది. మే నెల ఎండ, రాయపూరు ఎండ తెలుసు కదా నీకు. జేసీబీ వచ్చినా లేవనేదు. కాలనీ ఆడోళ్ళు ఒక్కొక్కరే చేటలు తెచ్చుకుని, బియ్యం ఏరుకుంటూ పక్కన చేరినారు. ఆఖరికి పెద్ద ఇంజినీరొచ్చి చూసి, రోడ్డు పక్కకి తిప్పమన్నాడు.

మరుసటేడు అక్క పోయినాది. పాడె ఆ రాయి దగ్గరే దింపినాం, దింపుడు కళ్ళానికి. ఊపిరేమైనా మిగిలుంటాదేమోనని చెవిలో మూడుసార్లు పిలుస్తారు కదా. మీ మావ రవి వంగి, అమ్మా, అమ్మా అని పిలిచినాడు. పలకనేదు. ఇంక ఎత్తండన్నారు. నేను ఆగమన్నాను. రాయి దగ్గరకెళ్ళి, సూరిబాబూ అని పిలిచినాను. ఆ దేశంలో ఆయన్ని చెవి దగ్గర పిలిచినోళ్ళు ఎవరూ లేరు కదమ్మా. రెండోసారి పిలిచినాను. మూడోసారి...

మీ ఇంట్లో కుక్కరు కూతేసినట్టుంది. వెళ్ళమ్మా.