బొజ్జయ్య ఛాతీ ఎత్తు

(2006. భద్రాచలం వైపు అడవిలో ఒక టేకు ప్లాటు. కొత్తగా వచ్చిన సెక్షన్ ఆఫీసర్ తబితా కొలతలు రాసుకుంటోంది. వాచర్ బొజ్జయ్య టేపు పట్టుకున్నాడు.)

"నూట పద్దెనిమిది."

"మళ్లా నూట పద్దెనిమిదేనా?"

"అవ్ మేడం. రాసుకోండి."

"ఆగు బొజ్జయ్యా. పదేళ్ల కింద కొలిచిన పుస్తకం గూడ నా దగ్గరున్నది. అప్పుడూ ఈ చెట్టు చుట్టుకొలత నూట పద్దెనిమిది సెంటీమీటర్లే. ఇన్నేండ్లు చెట్టు పెరగనే లేదా?"

"ఎండలు గట్లున్నయి."

"పక్క ప్లాటుల చెట్లు మంచిగ లావైనయి. వాటికి ఎండ లేదా?"

"వాటి సంగతి నాకేమెరుక. అది పోతయ్య చూసే ప్లాటు."

"సరే. నువ్వెక్కడ కొలుస్తున్నవ్?"

"ఛాతీ ఎత్తు కాడ. మీ రూలే గదా."

"రాయెక్కి నిలబడ్డవ్ గదా."

"రాయెక్కితే ఛాతీ ఎటు పోతది మేడం? నాతోనే వస్తది."

"ఛాతీ ఎత్తంటే నేల నుంచి మీటరు ముప్పై ఏడు. పైకి పోయినకొద్ది మాను సన్నగైతది. దిగు."

"దిగితే..."

"దిగి కొలువు."

"నూట ముప్పై రెండు."

"ఈ రాయి ఎప్పటి సంది ఉన్నదిక్కడ?"

"ముందుగాల చిన్నదుండె. చెట్టు పెరిగినకొద్ది పెద్దది తెచ్చి ఏసుకుంట వచ్చిన."

"ప్రతి చెట్టు కాడనా?"

"ఒక్కదానికే ఏస్తే మీకు అనుమానం రాదా?"

"నాకు నవ్వొస్తలేదు. ఎందుకు చేసినవ్?"

"నూట ఇరవై దాటితే ప్లాటు కూపు కిందికి పోతది. అన్నీ నరుకుతరు. ఎగువ గుట్ట గట్లనే నరికిండ్రు. మరుసటేడు దాని కింద ఊట ఎండింది. మా గూడెం తాగేది ఈ చెట్ల కింది ఊట నీళ్లే. భయమైతది మేడం."

"ఊటకు ముప్పై మీటర్ల లోపల చెట్టు ముట్టుకోవద్దని మన శాఖ వర్కింగ్ ప్లాన్లనే ఉన్నది. ఊట సంగతి ఎవరికన్న చెప్పినవా?"

"ఎవరడిగిండ్రు? అందరూ చెట్టు లావే అడుగుతరు."

"నేను తప్పుడు లెక్క రాయను బొజ్జయ్యా. ఊట నుంచి ఈ ప్లాటుల చివరి చెట్టుకు ఎంత దూరం?"

"ఉన్నది చెప్పాల్నా?"

"చెప్పు."

"నలభై మీటర్లు."

"టేపు సంచిల పెట్టు. నీ ఒక్కో అంగకు మీటరని రాసుకుంట. ఊట దాకా దుంకుకుంట నడువు, ముప్పై అంగలు దాటొద్దు."